దాంపత్యంలో భయాన్ని పోగొట్టిన చికిత్స: మాస్టర్స్, జాన్సన్‌ల కృషి

పడకగదిలో తలెత్తే తడబాటును పురుషునిలో లోపమనో, స్త్రీలో అయిష్టమనో భావించి మౌనంగా కుమిలిపోయే దంపతులు నేటికీ ఎందరో ఉన్నారు. అందులో అధికభాగం భయమేనని గుర్తించి, దానికి చికిత్సను రూపొందించిన ఇద్దరు పరిశోధకుల చరిత్ర మీరు తెలుసుకోదగినది.

విలియం మాస్టర్స్ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో స్త్రీవ్యాధుల నిపుణుడు. 1957లో వర్జీనియా జాన్సన్ ఆయన పరిశోధనలో చేరారు. ఆమెకు వైద్యపట్టా లేదు. అయినా మనుషుల చేత మనసు విప్పి మాట్లాడించే నేర్పు ఆమెకు ఉండేది. దాదాపు 700 మంది స్త్రీపురుషుల శరీర స్పందనలను ప్రయోగశాలలో పరిశీలించి, ఆ ఫలితాలను 1966లో గ్రంథరూపంలో వెలువరించారు. 1970లో వచ్చిన రెండవ గ్రంథం చికిత్సను వివరించింది.

అంతకుముందు మనోవిశ్లేషకులు ఒక్కరినే రోగిగా ఎంచి, బాల్య స్మృతులను ఏళ్ల తరబడి తవ్వేవారు. వీరు దంపతులిద్దరినీ కలిపి రెండు వారాలపాటు చికిత్స చేశారు. తొలిరోజులలో సంభోగం నిషిద్ధం. ఒకరి తరువాత ఒకరు, జననాంగాలను, వక్షోజాలను విడిచి, మిగిలిన శరీరాన్ని నెమ్మదిగా స్పృశించాలి. ఏది హాయిగా ఉందో, ఏది లేదో మాటతోనో చేతితోనో తెలియజేయాలి. ఆపైన మాత్రమే క్రమంగా ముందుకు సాగాలి.

ఈ నిషేధం ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. 'నావల్ల అవుతుందా?' అని తనను తాను పరీక్షించుకునే మనిషి శరీరం ఆందోళనతో బిగుసుకుంటుంది. పురుషునిలో అంగానికి రక్తప్రవాహం తగ్గుతుంది. స్త్రీలో కండరాలు సడలవు, తేమ ఊరదు. పరీక్షనే రద్దు చేస్తే తప్పుతామన్న భయానికి తావుండదు. అప్పుడు ధ్యాస స్పర్శ మీదికి మళ్లుతుంది.

వారు ప్రకటించిన విజయాల లెక్కలను 1980లో ఇతర నిపుణులు ప్రశ్నించారు. కోరికే కొరవడిన వారి సమస్య వేరని హెలెన్ సింగర్ కాప్లాన్ ఎత్తిచూపారు. అయినా ఆ స్పర్శాభ్యాసాన్ని చికిత్సకులు నేటికీ వాడుతూనే ఉన్నారు.

ఒక హెచ్చరిక. మధుమేహం, రక్తపోటు, కొన్ని మందులు, కలయికలో నొప్పి కలిగించే వ్యాధులు కూడా ఈ ఇబ్బందికి కారణం కావచ్చు. కనుక ప్రకటనల వైద్యులను ఆశ్రయించక, ముందుగా అర్హుడైన వైద్యుని చేత పరీక్ష చేయించుకోండి. దోషం ఎవరిదని వెదకక, మీ జీవిత భాగస్వామితో మాట్లాడండి. ఇష్టాన్ని ఎంత స్వేచ్ఛగా చెప్పగలరో, అయిష్టాన్నీ అంతే స్వేచ్ఛగా చెప్పగలిగినప్పుడే ఆత్మవిశ్వాసం నిలుస్తుంది.