పసిబిడ్డ అన్నం గిన్నె: మన నగరం నేర్పిన పాఠం

సాయంత్రం ఏడు గంటలకు అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలోని ఏ అపార్ట్‌మెంటు చూసినా దాదాపు ఒకే దృశ్యం. అప్పుడే ఆఫీసు నుండి వచ్చిన తల్లో, తండ్రో అన్నం గిన్నె పట్టుకొని ఏడాదిన్నర బిడ్డ వెనుక తిరుగుతూ ఉంటారు. ఒకప్పుడు చందమామను చూపించి ముద్ద పెట్టేవారు. ఇప్పుడు బాల్కనీలో చందమామ కనిపించడు. ఆ పని సెల్‌ఫోను చేస్తున్నది. నాలుగు ముద్దలైనా లోపలికి పోకపోతే మరునాడు నన్ను అడుగుతారు: "డాక్టరు గారూ, బాబు ఏమీ తినడం లేదు. ఏ పౌడరు పట్టమంటారు?"

ఈ ప్రశ్నకు సమాధానం మన నగరంలోనే అర్ధ శతాబ్దం క్రితం దొరికింది. ఆ చరిత్ర తల్లిదండ్రులు తెలుసుకోదగినది.

1930లలో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) ప్రాంతంలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్, పాలు మరచిన పసిపిల్లలలో ఒక వ్యాధిని గుర్తించారు. ముఖం, కాళ్లు ఉబ్బుతాయి. జుట్టు రంగు మారుతుంది. బిడ్డ నవ్వడం మానేస్తాడు. స్థానిక భాషలో దాని పేరు క్వాషియోర్కర్. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. ఆ బిడ్డల ఆహారంలో మాంసకృత్తులు లేకపోవడమే కారణమన్న అభిప్రాయం క్రమంగా ప్రపంచమంతటా బలపడింది. పేద దేశాల పిల్లలకు కావలసినది ప్రోటీనే అన్నారు. ప్రోటీను పొడుల తయారీకి ఎంతో ధనం వెచ్చించారు.

1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అమీర్‌పేటలో నాగోలు వైపు మెట్రో ఎక్కితే రైలు మారకుండా అక్కడికి చేరుకోవచ్చు. డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వంలో అక్కడి శాస్త్రవేత్తలు సూటిగా ఒక ప్రశ్న వేసుకున్నారు: మన పిల్లలకు నిజంగా తక్కువైనది ప్రోటీనా, మొత్తం తిండా?

హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలలో ఒకటి నుండి ఐదేళ్ల పిల్లలకు, ఇంటి తిండికి అదనంగా గోధుమపిండి, చక్కెర, నూనె కలిపిన పదార్థం పెట్టారు. అందులో శక్తి 310 కేలరీలు. ప్రోటీను మాత్రం 3 గ్రాములే. పద్నాలుగు నెలల తరువాత, అది తిన్న పిల్లలు తినని పిల్లలకంటే ఎత్తులోనూ బరువులోనూ ఎక్కువగా పెరిగారు. 1973లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో వండే అన్నం, పప్పులలో ప్రోటీను ఉన్నది. చాలనిది తిండి పరిమాణం. కడుపు నిండని బిడ్డ శరీరం, తిన్న కొద్ది ప్రోటీనును కూడా కట్టెలా మండించుకొని శక్తిగా వాడుకుంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బక్కచిక్కిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన కూలీ దంపతులకు నేను ప్రోటీను డబ్బా రాసి ఇచ్చేవాడిని. కొందరికి అది మూడు నాలుగు రోజుల కూలి. ఆ డబ్బుతో నూనె, పప్పు, బెల్లం కొని ఉంటే ఇంటిల్లిపాదికీ కొన్నాళ్లు సరిపోయేవి. ఆ పరిశోధన ఫలితాలు అప్పటికే అచ్చయ్యాయి. నేను చదవలేదు.

అదే సంస్థ రూపొందించిన పిండికి మన నగరం పేరే పెట్టారు: హైదరాబాద్ మిక్స్. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ పప్పు 10, బెల్లం 20 గ్రాములు. మొదటి మూడింటినీ వేయించి మెత్తగా పొడి చేసి బెల్లం కలపాలి. 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా ప్రోటీను లభిస్తాయి. ఏడాదిన్నర బిడ్డకు దీనిని కొద్దికొద్దిగా, జావగా కాచి పెట్టవచ్చు. వేరుశనగ గింజలు మాత్రం పొడి చేయకుండా పెట్టరాదు, గొంతుకు అడ్డుపడతాయి.

నేటి అమీర్‌పేట బిడ్డకు తిండి కొరత లేదు గదా అంటారేమో. నిజమే. కానీ భయం మాత్రం పోలేదు. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి సుమారు 9 కిలోలవుతాడు. రెండవ ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల వేగం తగ్గితే ఆకలి తగ్గడం సహజం. దానిని జబ్బనుకొని తీపి పొడులు కలిపిన పాలు పదేపదే పట్టిస్తే, ఆ పాలతోనే కడుపు నిండి అన్నం మీద ఆసక్తి చచ్చిపోతుంది. పాలు రోజుకు అర లీటరు దాటితే రక్తహీనతకు కూడా దారితీయవచ్చు.

బిడ్డ కడుపు చిన్నది. కావున రోజుకు మూడు నాలుగు భోజనాలు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు పెట్టండి. నీళ్ల చారు అన్నం కాక, మెత్తని పప్పన్నంలో చెంచాడు నెయ్యి లేదా నూనె వేయండి; గుడ్డు, ఆకుకూర, అరటిపండు చేర్చండి. ఫోను పక్కన పెట్టండి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. మీతో పాటు కూర్చోబెట్టి, తన చేత్తో తననే తిననివ్వండి. నేల పాడైతే తుడుచుకోవచ్చు. చాలన్నప్పుడు ఆపండి.

నెలల తరబడి బరువు పెరగకపోయినా, తగ్గినా, బిడ్డ మందకొడిగా ఉన్నా, పాలిపోయినా, కాళ్లు ఉబ్బినా ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి. బిడ్డ ఆడుతూ, నవ్వుతూ, ఎదుగుదల పటంలో తన గీత వెంట నడుస్తూ ఉంటే, ఈ రాత్రి రెండు ముద్దలు మిగిల్చినా దిగులు పడనవసరం లేదు.