పళ్ల సందుకు పట్టుదారం

అక్కలూ, చెల్లెళ్లూ! మామిడిపండు తిన్నాక పంటి సందున పీచు ఇరుక్కుంటే మీరేం చేస్తారు? పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి గుచ్చుతారు. అవునా, కాదా? చిగురు గీరుకుపోయి రెండు రోజులు సలుపుతుంది కూడాను.

ఈ పనికి దారం మేలని 1819లోనే అమెరికాలో ఒక దంతవైద్యుడు పుస్తకంలో రాశాడు. ఆయన పేరు లీవై స్పియర్ పార్మ్‌లీ. న్యూ ఆర్లియన్స్‌లో వైద్యం చేసేవాడు. మైనం పూసిన పట్టుదారాన్ని పళ్ల నడుమ, చిగురు దగ్గరదాకా పోనివ్వమన్నాడు. బ్రష్షు చేరలేని ఆ సందులోనే రోగం పుడుతుందనీ, పళ్లు తోముకునే సరంజామా అంతటిలోకీ దారమే ముఖ్యమనీ ఆయన వాదన. 1882లో అక్కడి కొట్లలోకి పట్టుదారం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టు కరువై, నైలాను దారం దాని చోటు తీసుకుంది.

బ్రష్షుకు నైలాను కుచ్చు వచ్చింది 1938లో. అంతకుముందు ఎక్కువగా పంది వెంట్రుకలే! ఆ సంగతి తెలిస్తే మన నాయనమ్మలు ముట్టుకునేవారా? పందుంపుల్ల నమిలి తోముకుని, దాన్నే చీల్చి నాలుక గీసుకుని హాయిగా ఉండేవారు. కానీ పుల్లయినా సందులోకి పోదు కదా. ఇవాళ ఇంటిల్లిపాదికీ బ్రష్షులున్నాయి. దారం ఎన్ని ఇళ్లలో ఉంది? అందరి సంగతీ కనిపెట్టే మనమే మన చిగుళ్ల నెత్తురు చూసీ చూడనట్టు ఊరుకుంటాం. పళ్లు కదిలేదాకా చాలామందికి నొప్పే తెలియని జబ్బది.

రాత్రి వంటిల్లు సర్దాక, రెండు జానల దారం తీసుకుని వేళ్లకు చుట్టుకోండి. రంపంలా కోయకండి, దారాన్ని ఒక్కొక్క పంటికీ ఆనించి మెల్లగా పైకీ కిందికీ కదపండి. మొదట్లో కాస్త నెత్తురు కనబడవచ్చు. రెండు వారాలకీ తగ్గకపోతే దంతవైద్యుడికి చూపించుకోండి.