అచ్చమాంబ కథలలో దాంపత్యము

నేరేడ్‌మెట్‌కు కొద్ది క్రోసుల దూరమున, హైదరాబాదు నగరమందు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపకులలో నొకరగు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారిని చదువరు లెల్లరు నెఱుగుదురు. ఆయన యక్క భండారు అచ్చమాంబను (1874–1905) ఎఱిగినవారు తక్కువ.

నందిగామ చెంత పెనుగంచిప్రోలున పుట్టిన యీమెకు బాల్యముననే పెండ్లి యయ్యెను. నాగపురమున తన యింట నుండి చదువుకొనుచున్న తమ్ముని తోడ్పాటున చదువు నేర్చెను.

పందొమ్మిదవ శతాబ్దము ముగిసిన వెంటనే, 1902లో, "హిందూసుందరి" పత్రిక ఆమె "ధనత్రయోదశి"ని ప్రకటించెను. బీదవాడగు వెంకటరత్నము పండుగకై యజమాని సొమ్ము దొంగిలించును. భార్య విజయలక్ష్మి దానిని తిరిగి యిచ్చివేయుమని పట్టుపట్టును. పతి మాటకు ఎదురాడరాదని బోధించు కాలమున, పతి చేసినది తప్పని పలుకు ఇల్లాలిని అచ్చమాంబ చూపెను. "స్త్రీవిద్య" కథ దంపతుల సంభాషణము. అందు భర్త చదువుకొమ్మని బతిమాలును; ఆడుదానికి చదువేలయను లోకుల మాటలను భార్యయే వల్లించును! ఇండ్లలో జరుగునది చూచి వ్రాసిన కథ యిది.

వీరేశలింగముగారు 1881లోనే వితంతు వివాహము జరిపించియుండగా, ఈ కథలు ఇల్లు దాటి పోలేదేమని కొంద రడుగవచ్చును. ఇంటిలో నోరు విప్పుటయే నాడు గగనము.

1910లో గురజాడవారి "దిద్దుబాటు" వచ్చెను. అందును భర్తను దిద్దునది భార్యయే. తొలి తెలుగు కథ యన్న పేరు చిరకాలము దానికే చెల్లెను. ఎనిమిదేండ్ల ముందటి పద్దు ఖాతాకు ఎక్కుటకు చాల యేండ్లు పట్టినది.