వినని వారి సంగతి ఏమిటి?



రథసప్తమి వచ్చిందంటే మా అరసవల్లిలో సూర్యనారాయణస్వామి గుడి దారులు జనముతో నిండిపోతాయి. ఒక సంవత్సరం ఆ రోజున మా పొరుగు సోదరుడొకరు నన్ను అడిగాడు: "అయ్యగారూ, మాయమ్మ బతికినన్నాళ్లూ ఈ సామినే కొలిచినాది. యేసు మాట ఆమెకెవరూ చెప్పలేదు. ఇప్పుడామె ఎక్కడున్నాదంటారు?" నాకు వెంటనే జవాబు రాలేదు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రోమన్ కతోలిక సంఘము దీనికి ఇచ్చిన జవాబు కాలక్రమములో ఎలా మారిందో చూద్దాము.

3వ శతాబ్దములో కార్తేజు బిషప్పు సిప్రియను, సంఘమునకు వెలుపల రక్షణ లేదని బోధించాడు. సంఘమును చీల్చి వెళ్లిన వారిని ఉద్దేశించిన హెచ్చరిక అది. 1442లో ఫ్లోరెన్సు మహాసభ నాటికి అది అన్యమతస్థులందరి మీద తీర్పుగా మారింది. 1492 తరువాత అమెరికా ప్రజల సంగతి తెలిసినప్పుడు వేదపండితులు ఆలోచనలో పడ్డారు. సువార్త చేరని దేశములో పుట్టుట వారి తప్పా?

మన తీరానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు, 1846లో సవోయ్ ప్రాంతము నుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు విశాఖపట్నం వచ్చారు. వినని ఆత్మలను గూర్చిన భారము ఆ ఇరువురికీ ఉండెను.

కతోలికులు కానివారికి రక్షణ లేనే లేదని బోస్టనులో ఫాదర్ ఫీనీ పట్టుబట్టినప్పుడు, 1949లో రోము ఆ వ్యాఖ్యానాన్ని త్రోసిపుచ్చింది. 1953లో అవిధేయత కారణముగా ఆయనను వెలివేసింది. తరువాత రెండవ వాటికన్ మహాసభ 1964లో ఇలా బోధించింది: తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరుగనివారు, దేవుని యథార్థముగా వెదకుచు, కృపచేత ప్రేరేపించబడి మనస్సాక్షి ప్రకారము నడిస్తే, రక్షణ పొందగలరు. 1965లో అదే మహాసభ హిందూమతమును పేరు పెట్టి గౌరవముతో ప్రస్తావించింది.

"అయితే అన్ని మతాలూ ఒకటేనని కతోలికులు ఒప్పుకున్నారు" అని మనవారిలో కొందరు అంటారు. అది సరికాదు. ఎవరు రక్షించబడినా క్రీస్తు ద్వారానే అని 2000లో రోము 'దోమినుస్ యేసుస్' అను పత్రములో తేటగా చెప్పింది. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనములోని కతోలికులకూ ఇదే బోధ. పొరుగువారి విశ్వాసమును విమర్శించే ముందు దానిని సరిగా తెలిసికొనుట మన ధర్మము.

మనస్సాక్షి విషయములో వారు చెప్పినంత దూరము నేను వెళ్లలేను. వినకుండా ఎట్లు విశ్వసింతురని రోమా పత్రిక 10వ అధ్యాయములో పౌలు అడుగుచున్నాడు. కొర్నేలీ ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరినా, పేతురు అతని ఇంటికి వెళ్లవలసి వచ్చెను. అయితే సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయకుండునా అన్న అబ్రాహాము ప్రశ్నను కూడా నేను చెరిపివేయలేను.

ఆ సోదరునితో చివరకు ఇలా అన్నాను: "తమ్ముడూ, మీ అమ్మకు తీర్పు చెప్పే పీఠము నాది కాదు. ఆమెను పుట్టించినవాడు నాకంటే కనికరము గలవాడు. కాని ఆమెకు ఎవరూ చెప్పలేదన్నావే, ఆ మాట మాత్రము నా మీదికే వస్తుంది."

ప్రియులారా, ఆమె ఇల్లు మన మందిరానికి నాలుగు వీధుల దూరము. వినని వారి సంగతి దేవుడు చూచుకొనును. చెప్పని మన సంగతి ఏమిటి? ప్రభువు మనలను మేల్కొలుపును గాక. ఆమేన్.