చండామార్కుల బడి

ప్రభుత్వ పాఠశాలలో మతం చెప్పాలా వద్దా అన్న చర్చ ఇవాళ పుట్టింది కాదు. దాని చరిత్ర పట్టించుకోకుండా తీర్పులు చెప్పేవారు రెండు రకాలు. విలువలు పడిపోతున్నాయి కనుక మతం బోధించాలనేవారు కొందరు. మతమన్న మాటే తరగతిలో వినిపించకూడదనేవారు మరికొందరు. తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఈ రెండు వాదాలూ నిలబడేవిగా తోచవు.

విశాఖపట్నం నుంచే మొదలుపెడదాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ ఈ ఊరు వచ్చారు. బడి పెట్టారు; సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. అది సర్కారు బడి కాదు. అసలు సమస్య 1846లో వచ్చింది. మద్రాసు గవర్నరు ట్వీడేల్, ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టాలని ప్రతిపాదించాడు. విశాఖ అప్పుడు మద్రాసు రాజధానిలో భాగమే. ఎదురు నిలిచినవాడు మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1844లో ఆయన పెట్టిన 'క్రెసెంట్' పత్రిక ఆ పోరాటానికి ఆయుధమైంది. సభ జరిగింది, మహజరు వెళ్ళింది. 1847లో కంపెనీ డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదనను తోసిపుచ్చారు. 1854 నాటి ఉడ్ తాఖీదు ప్రభుత్వ విద్యలో మత తటస్థతను విధానంగా స్థిరపరిచింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. వలస పాలకుల తటస్థత లౌకిక చింతన ఫలితం కాదు, పాలనావసరం. అదే ఇంగ్లండు 1944లో తన సొంత బడుల్లో రోజూ సామూహిక ప్రార్థననూ మతబోధననూ చట్టంతో తప్పనిసరి చేసింది. రెండోది, లక్ష్మీనరసు చెట్టి పక్షం ఆరాటం ముఖ్యంగా తమ మత రక్షణ కోసమే. బడి గడప తొక్కలేని అంటరాని కులాల పిల్లల ప్రశ్న ఆ పోరాటానికి కేంద్రం కాలేదు. అయినా దాని నుంచి మనం తీసుకోవలసిన సారం ఒకటుంది: అందరి పన్నులతో నడిచే బడి ఒకరి మతాన్ని బోధించకూడదు. నాడు పాలకుల మతానికి వర్తించిన న్యాయం నేడు సంఖ్యాబలం ఉన్న మతానికి వర్తించదా?

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్న మెత్తని రూపం ధరించింది. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడుగా ఉన్న రాధాకృష్ణన్, 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించాడు. రోజూ కాసేపు మౌనధ్యానం, మొదటి ఏడు మతాచార్యుల జీవితాలు, రెండో ఏడు పవిత్ర గ్రంథాల నుంచి సర్వజనీనమైన భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రం — ఇదీ ఆ సంఘం సిఫార్సు. 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగం 28వ అధికరణం, పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదంది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతబోధ వేరు, మతాల గురించి చదువు వేరు, రెండోదానికి నిషేధం లేదంది.

ఈ విభజన సరైనదే. అయితే మతాల గురించి ఏం చెబుతాం? మహాపురుషుల జీవితాలు, అన్ని మతాల మంచిమాటలు ఏరి పెడితే అది చరిత్ర కాదు, అలంకరణ. మా పోర్టు దగ్గర ఒక కొండపై వెంకటేశ్వరాలయం, ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై ఇసాక్ మదీనా దర్గా ఉన్నాయి. వాటిని చూపించి సామరస్యమని ముగించడం సులువు. సింహాచలం శాసనాలు చదివించడం కష్టం. ఎవరు భూమి ఇచ్చారు, ఎవరు దీపాలకు దానం చేశారు, గజపతులపై దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు అక్కడ ఎందుకు కానుకలు సమర్పించాడు, ఆ భూముల్లో చెమటోడ్చినవారు గుడిలో ఎంతవరకు రాగలిగారు అన్న ప్రశ్నలు అక్కడ లేస్తాయి. మతాన్ని మనుషుల చరిత్రగా చదవడమంటే ఇదే.

సాహిత్య విద్యార్థులకు మరో సంగతి. ప్రభుత్వ బడిలోకి మతం నిజంగా ప్రవేశించేది తెలుగు పాఠంలోనే. పోతన లేకుండా తెలుగు చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఉక్కు కర్మాగారం, రేవు పోషించే ఈ ఊళ్ళో ఒకే బల్లమీద నానా మతాల పిల్లలు కూర్చుంటారు. వారికి ప్రహ్లాద చరిత్ర ఎలా చెప్పాలి? ఆ కథలోనే జవాబుంది. హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కులకు అప్పగించాడు. రాజుకు నచ్చిన చదువు చెప్పడం ఆ గురువుల పని. పిల్లవాడి మనసు అందుకు ఒప్పుకోలేదు. ఏనుగులు, పాములు, నిప్పు, సముద్రం — ఏవీ ఒప్పించలేకపోయాయి. సింహాచలం స్థలపురాణం ఈ పిల్లవాడి కథే. ఏలినవారి విశ్వాసాన్ని బడి ద్వారా రుద్దితే ఏమవుతుందో చెప్పే కథ మన కొండమీదే ఉంది. ఇది భక్తి కథే కదా అనవచ్చు. నిజమే, ఆ భక్తి తీవ్రత అందకపోతే పద్యం రుచి అందదు. కాని అర్థం చేయించడం వేరు, చేతులు జోడింపజేయడం వేరు. నేను పెట్టుకున్న కొలత ఒకటే: ఆ దేవుణ్ణి నమ్మని పిల్లకు కూడా ఆ పాఠంలో పూర్తి మార్కులు రావాలి.

ఇది ఉపాధ్యాయుడికీ వర్తిస్తుంది. 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే గోరాకు నాస్తిక భావాల కారణంగా ఉద్యోగం పోయింది. చండామార్కులుగా ఉండటానికి ఒప్పుకోని గురువుకూ చోటున్న బడి కావాలి.

2022లో గుజరాత్ ప్రభుత్వం ఆరు నుంచి పన్నెండు తరగతులకు భగవద్గీతను ప్రకటించింది. ఆ గాలి మన పాఠ్యగ్రంథాల దాకా రాదనుకోవద్దు. దానికి జవాబు పోతనను తీసివేయడం కాదు. పోతన పక్కనే జాషువా 'గబ్బిలం' ఉంచాలి. 1941లో వచ్చిన ఆ కావ్యంలో గుడిలోకి రాలేని మనిషి, రాగల గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. రాసినవాడు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి. ఈ రెండూ ఒకే ఏడు చదివిన పిల్లలు మతం గురించి తెలుసుకోవలసినదేమిటో తామే అడుగుతారు. అడగనివ్వడం మన పని.