పేరున్న విగ్రహాలు, పేరులేని విగ్రహాలు: కలకత్తా పాలనా భవనాల పరిసరాలపై ఒక పరిశీలన

పాలనా భవనం ఎదుట విగ్రహం కనిపిస్తే అది ఎవరిదని అందరూ అడుగుతారు. అంతకుముందు అక్కడ ఎవరున్నారని అడిగేవారు తక్కువ. కలకత్తాలో చరిత్ర ఎక్కువగా బయటపడేది ఈ రెండో ప్రశ్నతోనే. రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు 1911లో ప్రకటించేదాకా బ్రిటిష్ ఇండియా మొత్తానికీ, ఆ తర్వాత బెంగాల్‌కూ ఈ నగరమే పాలనా కేంద్రం. ఇక్కడి విగ్రహాల రాకపోకలను గమనిస్తే ఒక సంగతి తేలుతుంది. ఫలానా దొర అని గుర్తుపట్టగలిగినవి చాలావరకు పీఠాలు దిగాయి. న్యాయం, వాణిజ్యం వంటి భావాలకు రూపమిచ్చినవి వలసపాలన పోయినా చోటు కదల్లేదు.

రైటర్స్ బిల్డింగ్ ఇందుకు ముఖ్యమైన సాక్ష్యం. ఈస్టిండియా కంపెనీ గుమాస్తాల కోసం 1777లో థామస్ లయన్ దీని నిర్మాణం మొదలుపెట్టాడు. వెనుకనున్న లయన్స్ రేంజ్ వీధికి ఆయన పేరే మిగిలింది. 1800లో ఏర్పడిన ఫోర్ట్ విలియం కళాశాల కొంతకాలం ఈ భవనంలోనే నడిచింది. ఆ కళాశాలలో బెంగాలీ, సంస్కృతం బోధించిన విలియం కేరీ 1814లో సీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. ఆ విధంగా ఈ మేడ మనకు మరీ పరాయిది కాదు. మొదట్లో బోసిగా ఉన్న కట్టడానికి తర్వాతి చేర్పులతో గ్రీకు, రోమన్ పోకడలు వచ్చాయి. ముఖద్వారం పైనున్న త్రికోణ శిఖరం మీద రోమన్ దేవత మినర్వా నిలిచింది. 1883లో పైకప్పు అంచున నాలుగు విగ్రహ సముదాయాలు చేరాయి. న్యాయానికి జ్యూస్, వాణిజ్యానికి హెర్మిస్, విజ్ఞానానికి ఎథీనా, వ్యవసాయానికి డిమీటర్. ప్రతి దేవతకూ ఒక పక్క ఆ వృత్తిలోని ఐరోపా మనిషి, మరో పక్క భారతీయుడు. నడిమి స్థానం మాత్రం ఎప్పుడూ గ్రీకులదే. గుర్రమెక్కిన ఏ సేనాని విగ్రహం కన్నా ఇదే ఘాటైన వలసవాద ప్రకటన అని నా అభిప్రాయం. బెంగాల్ రైతుకు సేద్యం నేర్పడానికి కూడా గ్రీసు నుంచి ఒకరు దిగిరావాలట!

అయినా జనాగ్రహం వీటివైపు మళ్లలేదు. కోపానికి గురైంది ఈ భవనం ఎదుటి చౌకులో, అంటే అప్పటి డల్హౌసీ స్క్వేర్‌లో, 1902లో వైస్రాయి కర్జన్ నిలబెట్టించిన హాల్వెల్ స్మారకం. ఇంగ్లీషు ఖైదీలను ఇరుకు గదిలో కుక్కి చంపించాడంటూ బెంగాల్ నవాబు సిరాజుద్దౌలాపై మోపిన ‘చీకటి కొట్టు’ నిందను రాతిలో శాశ్వతం చేసిన స్తంభమది. దాన్ని తొలగించాలని 1940లో సుభాష్ చంద్రబోస్ ఉద్యమం తలపెట్టి అరెస్టయ్యాడు. ఆ ఏడాదే స్తంభాన్ని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణకు తరలించారు. 1969లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం వైస్రాయిలను, సేనానులను మైదానం పరిసరాల నుంచి తీసేయించింది. పలు విగ్రహాలు బారక్‌పూర్‌లోని గవర్నరు విడిది తోటకు చేరాయి. అదే ఏడాది ఆక్టర్లోనీ స్తంభం షహీద్ మినార్ అయింది. అక్కడ కూల్చే పని పడలేదు, పేరు మారిస్తే సరిపోయింది.

అన్ని తరలింపుల వెనుకా సిద్ధాంతమే ఉందనుకోవడం పొరపాటు. పార్క్ స్ట్రీట్ కూడలిలో శిల్పి ఫోలీ రూపొందించిన బ్రిటిష్ సేనాని ఔట్రామ్ అశ్వారూఢ విగ్రహం పోయి, 1958లో గాంధీ విగ్రహం వచ్చింది. గాంధీ విగ్రహ శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి, మద్రాసు చిత్రకళాశాల ప్రిన్సిపాల్‌గా మన చిత్రకారులకు తెలిసినవాడే. ఆ గాంధీని సైతం మెట్రో రైలు పనులు మేయో రోడ్డుకు పంపించాయి.

హాల్వెల్ స్తంభం పోయిన డల్హౌసీ స్క్వేర్‌కు కొత్త పేరు రైటర్స్ బిల్డింగ్ లోపలి ఘటన నుంచే వచ్చింది. 1930 డిసెంబరు 8న బినయ్ బసు, బాదల్ గుప్తా, దినేశ్ గుప్తా దొరల దుస్తుల్లో లోపలికి వెళ్లి, జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చి చంపారు. బాదల్ విషం మింగాడు. తనను తాను కాల్చుకున్న బినయ్ కొన్ని రోజులకు మరణించాడు. దినేశ్‌ను 1931 జులై 7న ఉరితీశారు. ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో ఇప్పుడు ఆ చౌకు బి.బి.డి. బాగ్, ముగ్గురి విగ్రహాలూ ఆ భవనం ఎదుటే ఉన్నాయి. ఆ భవనంలోనే నడిచిన స్వతంత్ర ప్రభుత్వ సచివాలయం దశాబ్దాలపాటు తన మీద జరిగిన దాడికి స్మారకాన్ని వాకిట్లో పెట్టుకుని పనిచేసింది. దాడి జరిగింది పాత యజమాని మీద కాబట్టి కొత్త యజమానికి ఇబ్బంది లేకపోయింది. హైదరాబాదులో శాసనసభ ఎదుట, గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు రూపొందించిన స్తూపం సంగతి వేరు. 1969 తెలంగాణ ఉద్యమంలో మరణించినవారిని స్మరించే ఆ రాయి వలసపాలకులను కాదు, స్వదేశీ ప్రభుత్వాన్నే నిలదీసింది.

2013 అక్టోబరులో బెంగాల్ సచివాలయం హుగ్లీ నది దాటి హౌరాలోని నబన్నకు మారింది. వస్త్ర వ్యాపారం కోసం కట్టిన అంతస్తుల భవనమది. ముఖ్యమంత్రి కార్యాలయం తరలింది కానీ ముగ్గురు యువకులూ, మినర్వా పాత చోటనే ఉండిపోయారు.

భావాలకు రూపమైనవి భద్రమన్న సూత్రానికి హద్దు హైదరాబాదులో కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం ఆవరణలో, తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024 డిసెంబరు 9న తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించింది. ఆమె ఏ వ్యక్తీ కాదు, డిమీటర్‌లాగే చేత పంట కంకులున్న ఒక భావన. అయినా కిరీటం ఏదని, చేతిలో బతుకమ్మ ఏదని ప్రతిపక్షం నిలదీసింది. డిమీటర్ తలపై ఏముందో, చేతిలో ఏముందో అడగడానికి కలకత్తాలో ఆమెను తమదని చెప్పుకునేవారు ఎవరూ లేరు.