తీగదారి, గాలిదారి: ఫోన్ ఫొటో పాతికేళ్ల ప్రయాణం

1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ ఆస్పత్రిలో ఫిలిప్ కాన్‌కు కూతురు పుట్టింది. ఆయన డిజిటల్ కెమెరాను, మోటరోలా ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను కలిపి కట్టి పసిపాప ఫొటోను బంధుమిత్రులకు అప్పటికప్పుడు పంపించాడు. ఫోన్ కెమెరా చరిత్రను చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. ఫోన్ ఫొటో పుట్టింది పంపడానికి, దాచుకోవడానికి కాదు. తరవాత వచ్చిన చిక్కులకు మూలం అందులోనే ఉందని నా నమ్మకం.

2000లో రెండు ఫోన్లు రెండు దారులు వేశాయి. కొరియాలో శామ్‌సంగ్ ఎస్‌సీహెచ్-వీ200 ఇరవై ఫొటోలు తీసేది. వాటిని బయటికి తేవాలంటే కంప్యూటర్‌కు తగిలించాల్సిందే. అదే ఏడాది జపాన్‌లో వచ్చిన షార్ప్ జె-ఎస్‌హెచ్04 ఫొటోను నేరుగా మెయిల్‌లో పంపేది. దాని కెమెరా సత్తా లక్షా పదివేల పిక్సెళ్లే. ఒకటి తీగదారి, రెండోది గాలిదారి. జనం గాలిదారికే ఓటేశారు.

2002 నాటి నోకియా 7650లో తీగ లేకుండా ఫొటోలు పంపడానికి ఇన్‌ఫ్రారెడ్, బ్లూటూత్ రెండూ ఉండేవి. ఇన్‌ఫ్రారెడ్ మామూలు వేగం సెకనుకు 115 కిలోబిట్లు. ఇవాళ్టి 4 ఎంబీ ఫొటోను దానిమీద పంపితే ఐదు నిమిషాల దాకా పడుతుంది. అప్పటి 640×480 ఫొటోలకు ఆ వేగం చాలేది. ఆ తరవాత మెమరీ కార్డుల కాలం. కార్డు ఊడదీసి రీడర్‌లో పెడితే ఫైలు ఒక్క బైటు కూడా తగ్గకుండా కంప్యూటర్‌లోకి వచ్చేది. మామూలు మనిషికి అంత సూటిగా అర్థమయ్యే పద్ధతి మళ్లీ రాలేదు.

2011 ప్రాంతంలో ఆండ్రాయిడ్ కేబుల్ మీద ఫైళ్లు కంప్యూటర్‌కు చేర్చడానికి ఎంటీపీ అనే పద్ధతికి మారింది. పాత పద్ధతిలో ఫోన్ స్టోరేజీ కంప్యూటర్ చేతిలో ఉన్నంతసేపూ దాన్ని ఫోన్ వాడుకోలేకపోయేది కాబట్టి ఈ మార్పు సబబే. 2015 నాటి ఆరో వెర్షన్ నుంచి మాత్రం కేబుల్ పెడితే ముందు చార్జింగే అవుతుంది. నోటిఫికేషన్‌లోకి వెళ్లి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటే తప్ప ఫొటోల ఫోల్డర్ కనబడదు. ఆ ఒక్క మెట్టు తెలియక ఎంతమంది కేబుల్ పాడైందనుకుని పక్కన పెట్టేశారో!

కేబుల్ వదిలేసినవారి ఫొటోలు గాలిదారిలో కుదించుకుపోయి చేరేవి. ఫొటోను కుదించడమే నేరమని నేననడం లేదు. ఈ కుదింపు వెనకున్న గణితాన్ని 1974లో ప్రచురించినవారు ముగ్గురు: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహన రావు. 1992లో వచ్చిన జేపెగ్ దానిమీదే నిలబడింది. కంటికి పెద్దగా ఆనని సూక్ష్మ వివరాన్ని వదిలేసి ఫైలును చిన్నది చేయడం దాని పని. ఒకసారి చేస్తే అద్భుతం. అదే ఫొటోను చేతులు మారిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ కుదిస్తేనే నష్టం పేరుకుపోతుంది.

మన ఇళ్లలో ఆ నష్టం ఎక్కువగా వాట్సాప్ ద్వారా వచ్చింది. డాలస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో ఉన్న అమ్మకు మనవడి ఫొటో పంపగలగడం చిన్న వరమేమీ కాదు, దాన్ని తక్కువచేసి మాట్లాడను. కానీ 4032×3024 పిక్సెళ్ల ఫొటో ఆ దారిన చాలాకాలం సుమారు 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుంచించుకుపోయి చేరేది. తీసిన తేదీ, చోటు వంటి వివరాలూ ఊడిపోయేవి. అంగుళానికి 300 చుక్కల లెక్కన అసలుది పదమూడు అంగుళాల పైచిలుకు వెడల్పున అచ్చవుతుంది, చేరినది అయిదు అంగుళాలు దాటితే మసకబారుతుంది. ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు, గోడకు పటం కట్టించడానికి స్టూడియోకి వెళ్లినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. అప్పటికి ఆ ఫొటో తీసిన ఫోన్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

2015లో గూగుల్ ఫొటోస్ ‘హై క్వాలిటీ’ పేరుతో ఉచితంగా ఎన్నయినా దాచుకోమంది. అవి కూడా కుదించిన ప్రతులే. ఆ ఉచితం 2021 జూన్ 1తో ముగిసింది. ఐఫోన్లలో ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ పెట్టుకున్నవారి అసలు ఫొటోలు ఐక్లౌడ్‌లో ఉంటాయి, ఫోన్‌లో చాలావాటికి చిన్న ప్రతులే మిగులుతాయి. అలాంటప్పుడు కేబుల్‌నే నమ్ముకుంటే సరిపోదు, ఐక్లౌడ్ నుంచి అసలు ఫొటోలు దింపుకోవాలి.

ఇప్పుడు దారులకు కొదవ లేదు. వాట్సాప్‌లోనే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు యథాతథంగా వెళుతుంది. 2023లో వచ్చిన ‘హెచ్‌డీ’ మీట కొంత మెరుగే గాని అసలుకు సాటి కాదు. దగ్గర్లో ఉన్న కంప్యూటర్‌కయితే ఐఫోన్ నుంచి మ్యాక్‌కు ఎయిర్‌డ్రాప్, ఆండ్రాయిడ్ నుంచి విండోస్‌కు క్విక్ షేర్ అసలు ఫైలునే చేరవేస్తాయి. 2017 నుంచి ఐఫోన్ ఫొటోలు మామూలుగా హెయిక్ (HEIC) అనే ఫైలు రూపంలో ఉంటున్నాయి కనుక, విండోస్‌లోకి మార్పిడి లేకుండా రావాలంటే సెట్టింగ్స్‌లోని ఫొటోస్ విభాగంలో ‘కీప్ ఒరిజినల్స్’ ఎంచుకోవాలి. వేలకొద్దీ ఫొటోలుంటే నా ఓటు ఇప్పటికీ కేబుల్‌కే. ఫోన్‌లో కెమెరా ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్‌ను కాపీ చేశాక ఒక ఫొటో ప్రాపర్టీస్ తెరిచి పిక్సెళ్ల కొలత చూడండి. ఫోన్‌లో ఉన్న అంకె, కంప్యూటర్‌లో ఉన్న అంకె ఒకటైతేనే ఫోన్‌లోంచి చెరిపేయండి.